చల్లనీళ్ళలో బతికే నాచు చేప

సిరిసిల్ల బస్టాండులో నన్ను సాగనంపినప్పుడు మెడలో వేసిన బంతిపూల దండను కోరుట్లలో దిగేముందు బస్సు సీటు మీదే వదిలేశాను. అక్క ఇంటికి పోవడానికి దండ ఎందుకు? నేను పోవాల్సింది సౌదీకి. అక్కడ పనిచేస్తున్న మా బావ, అంటే అక్క భర్త, ఫోను చేసి చెప్పాడు: "కోరుట్లకొచ్చి కూసో బామ్మర్దీ. ఏజెంటు గక్కడనే ఉన్నడు. మెడికల్ అయిందంటే వీసా ఇగ అచ్చినట్టే." నేను వచ్చి కూర్చున్నాను. దసరా అయ్యాక కూర్చున్నవాణ్ణి, చలికాలమంతా కూర్చునే ఉన్నాను.

మా దిక్కు గల్ఫ్‌కు పోయేవాణ్ణి ఊరికే పంపరు. సాంచెలు ఆగిపోయి మా వాడ వాడంతా చేతులు ముడుచుకుని కూర్చున్న రోజులవి. సాంచె అంటే మరమగ్గం. ఆర్డర్లు లేక షెడ్డుకు షెడ్డే తాళాలు పడ్డాయి. అయినా నాతో పనిచేసినవాళ్ళంతా కలిసి నాకు దావత్ ఇచ్చారు. పక్కింటి పెద్దమ్మ బొట్టు పెట్టి, కొబ్బరికాయ చేతిలో పెట్టి, "పైలం కొడుకా" అని ఏడ్చింది. బస్టాండుకు ఇరవై మంది దాకా వచ్చి ఉంటారు. ఒకడు నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు పోయినంక మమ్మల్ని గుంజుకోవాలె మరి" అన్నాడు. నేను సరేనన్నాను, అక్కడి కంపెనీ ఏదో మా నాయన పెట్టినట్టు.

అంత చేయించుకుని పోయినవాడు పోకుండా వెనక్కి ఎట్లా వస్తాడు? పోయి సంపాదించుకుని వచ్చినవాడికి ఒక మర్యాద ఉంది. పోయి చెడిపోయి వచ్చినవాడి మీద జాలైనా ఉంటుంది. అసలు పోనివాడికి ఏముంటుంది? అందుకే వీసా ఆలస్యమైన కొద్దీ సిరిసిల్ల నాకు సౌదీ కంటే దూరమైపోయింది. నా భార్యకు నేను కోరుట్లలోనే ఉన్నానని తెలుసు. వాడలోవాళ్ళు అడిగితే మాత్రం "పోయిండు" అనేదట. అది అబద్ధం కాదు, పోవడమైతే పోయాను కదా.

ఇక అక్క ఇంట్లో బతుకు ఇంకో రకం సిగ్గు. తల్లిగారింటి నుంచి వచ్చేవాడి చేతిలో చీర ఉండాలి, పండ్లు ఉండాలి, ఒక పూట తిని లేవాలి. నేను సంచితో వచ్చి, చాప పరిచి, రోజూ పీట వేసుకుని కూర్చున్నాను. అక్క ఒక్క మాట అనేది కాదు. పొద్దున అన్నం వండి, చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చేయడానికి కూర్చునేది. మళ్ళీ మధ్యాహ్నం లేచి నాకు అన్నం పెట్టేది. బావ తల్లి, నేను అత్తమ్మా అని పిలిచేవాణ్ణి, ఆమె కూడా ఏమీ అనేది కాదు. కాకపోతే నేను రెండోసారి కూర వేసుకుంటుంటే గిన్నె వైపు ఒక చూపు చూసేది. ఆ చూపుకు నేను గరిటె వెనక్కి పెట్టేసేవాణ్ణి. ఇన్నేళ్ళు సాంచెల చప్పుడులో పనిచేసినవాణ్ణి, నా గొంతు పెద్దది. ఆ ఇంట్లో మాత్రం పిల్లిలా మాట్లాడటం నేర్చుకున్నాను.

హాలులో కిటికీ పక్కన చేపల తొట్టి ఉండేది. మొన్నటి సుట్టీకి, అంటే సెలవుకు, వచ్చినప్పుడు బావ ముచ్చటపడి పెట్టించుకున్నాడు. అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. ఒకటి చాలా పెద్దది, తోక పరికిణీలా జాడించుకుంటూ తిరిగేది. బావకు అదంటే ప్రాణం. వీడియో కాల్ చేస్తే అక్కను చూసినంతసేపు చూసి, "జర తొట్టి దిక్కు తిప్పుండ్రి" అనేవాడు. నేను వచ్చిన కొత్తలో ఒకరోజు ఇలాగే తొట్టి చూసుకుని, నాతో అన్నాడు.

"బామ్మర్దీ, మా కఫీల్ ఇంట్ల గోడంత అక్వేరియం ఉన్నది. దాన్ని సూసుకునేటోడు పోతున్నడట. నీకు మాట్లాడింది గా పనే. అప్పటి దాక మన తొట్టి మీద చెయ్యి సాపు చేసుకో."

కఫీల్ అంటే వీసా ఇచ్చే యజమాని. ఆ మాట విన్నాక నాకు ఆ తొట్టి తొట్టిలా కనిపించలేదు. నా పరీక్ష అక్కడే పెట్టినట్టయింది. అది తేటగా ఉంటే వీసా వస్తుంది, పచ్చబడితే రాదు. ఇట్లా ఎవరూ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను, చెప్పుకుని నమ్మాను కూడా. పని లేనివాడు దేన్నయినా నమ్ముతాడు.

తొట్టేమో రోజూ పచ్చబడేది. కిటికీలోంచి పొద్దుటి ఎండ నేరుగా అద్దం మీద పడేది. అద్దానికి, రాళ్ళకు, మోటారు గొట్టానికి నాచు పట్టేది. నేను కొబ్బరిపీచుతో గీకేవాణ్ణి. ఎండ పడకుండా కిటికీకి మా సిరిసిల్ల గుడ్డే ఒకటి కట్టాను. అత్తమ్మ దాన్ని విప్పేసి, "ఇంట్లకు ఎల్తురు రావద్దా? పీనుగ లేసిన ఇల్లా?" అంది. తొట్టిని జరుపుదామంటే నీళ్ళతో అది కదలదు, కదిలిస్తే అద్దం పగులుతుందని భయం. గీకిన రెండో రోజుకు మళ్ళీ పచ్చ. అక్క నన్ను చూసి జాలిపడి, "గా పాకురు తినే చేపలుంటయట గద తమ్మీ, ఒకటి తేరాదు" అంది.

చెప్పినంత సులువు కాదది. ఫోనులో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. నాచు తినే చేపలు చాలానే ఉన్నాయి, కానీ దాదాపు అన్నీ వెచ్చని నీళ్ళ చేపలు. వాటికి తొట్టిలో హీటర్ కావాలి. మా అత్తమ్మ దగ్గర హీటర్ మాటెత్తగలమా? బావ కొన్నది మళ్ళీ డబ్బాలోకే పోయింది. "నీళ్ళల్ల కరెంటు వైరు ఏస్తరా ఎవలన్న? నేను తుడుసుకుంట చెయ్యి పెడ్త, సస్త" అని ఆమె ప్లగ్గు పీకేసింది. గోల్డ్‌ఫిష్‌లకు చల్లనీళ్ళే హాయి కనుక ఇబ్బంది లేకపోయింది. మా దిక్కు చలికాలంలో పొద్దున్నే తొట్టిలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయేవి. ఆ నీళ్ళలో బతకాలి, నాచు తినాలి, గోల్డ్‌ఫిష్ జోలికి పోకూడదు. ఈ మూడూ ఉన్న చేప కావాలి.

కోరుట్లలో కొనడానికి నాకు ధైర్యం చాలలేదు. మెట్‌పల్లి కూడా వద్దనుకున్నాను. గల్ఫ్ పనుల మీద మా సిరిసిల్లవాళ్ళు ఆ రెండు ఊళ్ళకూ వస్తూపోతూ ఉంటారు. జగిత్యాల పోయాను. బస్టాండు దగ్గర చేపల దుకాణంవాడు నా మాట పూర్తిగా వినకుండానే నల్ల సక్కర్ చేపను తీశాడు. నోరు అద్దానికి ఆనించి అతుక్కుని ఉంటుంది కదా, అది. "చల్లనీళ్ళల్ల ఉంటదా అన్నా?" అని అడిగాను. "చేప నీళ్ళల్ల ఉండక ఎక్కడుంటది?" అన్నాడు. నేను నవ్వి తెచ్చుకున్నాను. అది వచ్చిన రోజు అద్దానికి అతుక్కుంది. తర్వాత చలికి మూలకు పోయి రాయిలా కదలకుండా పడుకుంది. నాచు దాని వీపు మీద కూడా పట్టేటట్టుంది. చలి బాగా ముదిరిన పొద్దున ఒకనాడు వెల్లకిలా తేలింది. అత్తమ్మ దాన్ని చెత్త చాటలో ఎత్తుకుపోతూ, "తినెటందుకు తెస్తే తినకుంటనే పాయె. ఇంట్ల తినేటోల్లకేం తక్కువలేదు గని" అంది. నన్నే అందో, మామూలుగా అందో తెలియదు. నాకు మాత్రం చెవులు కాలిపోయాయి. ఆ పూట ఆకలి లేదని చెప్పి పడుకున్నాను. కడుపు మాడింది, కానీ కోపం తగ్గలేదు.

రెండోసారి జగిత్యాల పోయినప్పుడు దుకాణంవాడు బంగారు రంగు చేప ఇచ్చాడు. ఇదీ నోటితో అతుక్కునేదే, చలికి ఆగుతుందన్నాడు. ఆ మాట నిజమే. చేప నీళ్ళ సంచిని పట్టుకుని బస్టాండులోకి వస్తుంటే వెనక నుంచి ఎవరో నా భుజం తట్టారు. మా షెడ్డులో నా పక్క సాంచె నడిపినవాడు, ఆనాడు సిరిసిల్ల బస్టాండులో "మమ్మల్ని గుంజుకోవాలె" అన్నవాడే. జగిత్యాలలో బట్టల దుకాణంలో పనికి కుదిరాడట.

"అరే, ఎప్పుడచ్చినవ్ రా?" అన్నాడు.

"మొన్న..." అన్నాను. ఎక్కడి నుంచి అని మాత్రం నేను అనలేదు, వాడూ అడగలేదు. నా రబ్బరు చెప్పుల వైపు చూశాడు. నా చేతిలో సంచి తీసుకుని ఎండకు ఎత్తి పట్టుకుని చేపను చూశాడు. "మంచిగున్నది. పైలంగ తీస్కపో, ఎగిరి పడ్తది" అని తిరిగి ఇచ్చాడు. చాయ్ తాగుదామనలేదు. మా షెడ్డులో పొద్దుకు నాలుగుసార్లు కలిసి చాయ్ తాగినవాళ్ళం. వాడు పోయాక కూడా నేను ఆ సంచి పట్టుకుని స్తంభం చాటునే నిలబడ్డాను, రెండు కోరుట్ల బస్సులు పోయేదాకా.

ఆ బంగారు చేప మొదట్లో బాగా పనిచేసింది. అద్దం తేటపడింది. వీడియోలో చూసి బావ "షాబాష్" అన్నాడు. వీసా సంగతి అడిగితే, "కఫీల్ ఊరికి పోయిండు, రాని" అన్నాడు. నేను సంతోషపడ్డాను. కానీ చేప కాస్త ఎదిగాక దానికి నాచు రుచించలేదు. పెద్ద గోల్డ్‌ఫిష్ మెల్లగా కదులుతుంది కదా, దాని డొక్కకు పోయి అతుక్కునేది. ఒంటి మీది జిగురు పీల్చేది. గోల్డ్‌ఫిష్ విదిలించుకుని తొట్టంతా పరుగెత్తేది, ఇది వెంటపడేది. రెండు రోజుల్లో పెద్దదాని పక్కన పొలుసులు రాలి, చర్మం తెల్లగా పుండయింది. నేను వల పెట్టి బంగారు చేపను బకెట్‌లోకి తీసేసరికే జరగాల్సింది జరిగింది. ఆ పుండు చూసి నా వీసాకే పుండు పడ్డట్టు కూలబడ్డాను.

అప్పుడు అత్తమ్మ రంగంలోకి దిగింది. అది పసుపు తవ్వి ఉడకబెట్టే కాలం. ఊళ్ళకు ఊళ్ళే పసుపు వాసన వేస్తున్నాయి. కాలు తెగినా, బర్రె కొమ్ము విరిగినా పసుపు అద్దే చెయ్యి ఆమెది. నేను స్నానానికి పోయి వచ్చేలోపు కొత్త పసుపు దంచి, గుప్పెడు తొట్టిలో పోసింది. నేను వచ్చి చూస్తే తొట్టి నిండా పచ్చగా పసుపునీళ్ళు. చేపలు లేవు, రాళ్ళు లేవు, ఏమీ కనిపించలేదు.

"పుండు మాన్తది," అంది ఆమె, చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

సరిగ్గా అప్పుడే బావ కాల్ వచ్చింది. మధ్యాహ్నం వేళ. "తొట్టి సూపెట్టు" అన్నాడు. ఫోను తిప్పక తప్పలేదు. ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. తర్వాత బావ నవ్వడం మొదలుపెట్టాడు. మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా. "అవ్వా, కూర వండినవా ఏందే?" అని అడిగాడు. అక్క కూడా నవ్వింది, అత్తమ్మ కూడా. నేను నవ్వలేదు. నాకు అది నా ఉద్యోగం మీద పడిన పసుపు. "బావా, నీళ్ళు మార్చేస్త. కఫీల్‌కు ఏం చెప్పకు" అన్నాను.

ఇప్పుడు తలచుకుంటే ఆ కాల్ గురించే నాకు సిగ్గేస్తుంది. పట్టపగలు, పనివేళ, బావ మంచం మీద ఎందుకున్నాడు? వెనక పైనా కిందా మంచాలు, వాటి మీద ఇంకా ఇద్దరు ముగ్గురు మనుషులు పడుకుని ఉన్నారు. అందరూ గడ్డాలు పెంచి ఉన్నారు. ఇవన్నీ ఆ చిన్న తెర మీద కనిపిస్తూనే ఉన్నాయి. నేను చూశాను కూడా. కానీ ఏం తిన్నావు బావా అని ఒక్కసారి అడగలేదు. నీళ్ళు మార్చే తొందరలో ఉన్నాను.

పెద్ద గోల్డ్‌ఫిష్ బతికింది. పసుపుకు మానిందో, తనంత తానే మానిందో దేవుడికెరుక. అత్తమ్మ మాత్రం తన ఖాతాలోనే వేసుకుంది. ఆ సంతోషంలో కాస్త మెత్తబడి, ఒకరోజు తొట్టి ముందు కూర్చుని అంది: "మా రుద్రంగి వాగుల ఉంటయి గిసొంటియి. రాయికి కర్సుకొని ఉంటయి. రాయి మీది పాకురే తింటయి. సలి లేదు, ఎండ లేదు వాటికి."

"పేరేంది అత్తమ్మా?"

"పేరెందుకు వాటికి? ముండ్లు ఎక్కువ, రుచి ఉండదు. ఎవలు తినరు. తినంది దానికి పేరెవలు పెడ్తరు?"

రుద్రంగి ఆమె తల్లిగారి ఊరు. మర్నాడు ఇద్దరం బస్సెక్కాం. కథలాపూర్ మీదుగా రుద్రంగి పోయే బస్సు అక్కడితో ఆగదు, సిరిసిల్ల దాకా పోతుంది. నేను దస్తీ మొహానికి చుట్టుకుని, తల దించుకుని కూర్చున్నాను. అత్తమ్మ నన్ను ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగింది. రుద్రంగిలో దిగాక బస్సు ముందుకు పోయింది. ఎక్కువ దూరం లేదు. దిగకుండా కూర్చుంటే నా ఇంటికి పోయేవాణ్ణి, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు. దుమ్ము అణిగేదాకా అటే చూశాను.

గుట్టల కింద వాగు సన్నగా పారుతోంది. అత్తమ్మ చీర ఎగ్గట్టి నాకంటే ముందు దిగింది. రాయి మెల్లగా తిప్పితే దాని పక్కన అతుక్కుని ఉన్నాయి, వేలెడంత, మట్టి రంగువి, కళ్ళు మాత్రం మెరుస్తూ. తువ్వాలను ఇద్దరం చెరో కొసా పట్టుకుని నీళ్ళకు ఎదురు పెట్టాం. ఆమె కాలితో రాళ్ళు కదిలిస్తే అవి జారి వచ్చి తువ్వాలలో పడ్డాయి. నాలుగు పట్టుకున్నాం. నా జన్మలో అంత ఆనందంగా నవ్విన రోజులు తక్కువ. వాగు నీళ్ళు ఉన్న స్టీలు డబ్బాలో వాటిని వేసుకుని గట్టు మీద కూర్చున్నప్పుడు అత్తమ్మ నా వైపు చూడకుండా అంది: "నిన్ను నేనేమన్న అంటననుకోకు. నాకు నా కొడుకు మీద రంది. వాని మొకం మంచిగ లేదు."

బాగానే ఉన్నాడు, కఫీల్ మంచివాడు అని ఆమెకు నేనే ధైర్యం చెప్పాను. నాకేం తెలుసని చెప్పానో!

పేరు లేని ఆ చేపలు అన్నిటికంటే గట్టివి. చలికి మూలకు పోలేదు, గోల్డ్‌ఫిష్ వైపు చూడలేదు. మోటారు నీళ్ళు పడే చోట అద్దానికి కరుచుకుని, పొద్దంతా నోరాడిస్తూ, కిందినుంచి పైకి, పైనుంచి కిందికి. వారం తిరిగేసరికి అద్దం లేనట్టే ఉంది. ఎగిరి దూకుతాయని పైన పీట మూత పెట్టాను. ఎదురుగా కూర్చుని ఇక వీసా రావాల్సిందే అనుకున్నాను. ఫోనులో బావకు చూపిద్దామని చూస్తే ఆయన కాల్ రాలేదు. మేం చేస్తే కలవలేదు.

తర్వాత బావే వచ్చాడు.

మా దిక్కు గల్ఫ్ నుంచి మనిషి వస్తున్నాడంటే ముందే తెలుస్తుంది. ఇంటివాళ్ళు బండి మాట్లాడుకుని ఎయిర్‌పోర్టుకు పోతారు. బండి మీద తాళ్ళు కట్టిన అట్టపెట్టెలు, అందులో సెంటు సీసాలు, సబ్బులు, దుప్పట్లు. వాడంతా వచ్చి నిలబడుతుంది, తలా ఒకటి పంచుతారు. బావ పొద్దున పూట బస్సు దిగి, నడిచి, భుజాన ఒక బ్యాగుతో గుమ్మంలో నిలబడ్డాడు. అక్క ఒడిలో చాటతో బీడీలు చుడుతోంది. లేవబోతే ఆకులన్నీ నేల మీద పడ్డాయి. అత్తమ్మ కొడుకును పట్టుకుని వీపు నిమిరింది, తర్వాత పోయి వీధి తలుపు దగ్గరగా వేసింది. ఎవరూ చూడకముందే వేసింది.

బావ కాళ్ళు కడుక్కోకుండానే పోయి తొట్టి ముందు కూర్చున్నాడు. అద్దం మీద చెయ్యి ఆనించి చూశాడు. "సక్కగున్నది బామ్మర్దీ" అన్నాడు. అటే చూస్తూ చెప్పాడు. కంపెనీ మూతపడి చాలా కాలమైందట. పాస్‌పోర్టులు వాళ్ళ దగ్గరే ఉండిపోయాయట. క్యాంపులో ఎవరో తెచ్చిపెట్టే రొట్టెలు తింటూ, పనీ లేక, రావడానికీ లేక పడి ఉన్నారట. చివరికి టికెట్లు ఇచ్చి పంపేశారట. "గా కఫీల్ ముచ్చట మొదాలు నిజమే. ఇస్తనన్నడు. తర్వాత నా పనే పోయింది. నీకెట్ల చెప్పాలె? నువ్వు దావత్ తిని అచ్చి కూసున్నవ్."

అన్నీ విన్నాను. ఆయన దవడలు లోపలికి పోయి ఉన్నాయి. చొక్కా వేలాడుతోంది. అక్క గోడకు ఆనుకుని నోట్లో కొంగు కుక్కుకుంది. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"మరి నా వీసా?"

బావ తొట్టి మీంచి కళ్ళు తీయలేదు. అక్క కొంగు తీసి, "ఆయినను అన్నం తిననియ్యి తమ్మీ" అంది. అంతే అంది. అన్నం అన్నాక నాకు తెలివి వచ్చింది. సౌదీ పైసలు రాకుండా ఆగిపోయి చలికాలం దాటింది. నేను రోజూ పీట వేసుకుని తిన్నదంతా అక్క చాటలోంచి వచ్చిందే. ఆమెకు తెలుసు, ఆగిపోయాయని తెలిసే పెట్టింది. భూమి చీలితే బాగుండునని అంటారు కదా, నేను అనుకున్నది అదే.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఇద్దరు మగవాళ్ళం తయారయ్యాం. బావ వీధిలోకి రాడు, అడిగితే ఏం చెప్పాలని. నేను ముందునుంచీ రాను. తలుపు చప్పుడైతే ఇద్దరం ఒకేసారి లోపలి గదిలోకి లేచేవాళ్ళం. ఒకసారి గుమ్మంలో ఒకరికొకరం తగిలాం కూడా. అది చూసి అక్క చాట పక్కన పెట్టేసింది.

"నువ్వు ఇంటికి పో తమ్మీ," అంది. "ఆయిన నా మొగడు, ఆయిన సిగ్గు నేను మోస్త. నీ సిగ్గు కూడ నన్నే మొయ్యమంటవా? నీకు పెండ్లాం లేదా?"

అక్క నా మీద గొంతెత్తడం అదే మొదలు. బావ నా సంచి సర్దాడు. గోల్డ్‌ఫిష్‌ల గురించి, వాగు చేపల గురించి నేను ఏదో చెప్పబోతే, "నేను సూసుకుంట, పో" అన్నాడు. అత్తమ్మ బస్సు దాకా వచ్చింది.

దస్తీ కట్టుకోలేదు. పట్టపగలు సిరిసిల్లలో దిగి, నడిచి మా వాడకు పోయాను. రెండు షెడ్లలో సాంచెలు నడుస్తున్నాయి, మిగతావి మూసే ఉన్నాయి. పక్కింటి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నాకు బొట్టు పెట్టి పంపిన ఆమె. నన్ను చూసి చెయ్యి ఆపింది.

"ఎప్పుడచ్చినవ్ కొడుకా? అక్కడ ఎండలెట్లున్నయి?"

దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాట ఒకటుంది. అది ఇప్పుడు అనకపోతే ఇక జన్మలో అనలేనని తెలుసు.

"నేను పోనే లేదు పెద్దమ్మా. కోరుట్లల మా అక్క ఇంట్ల ఉన్న."

ఆమె మళ్ళీ గింజలు తీస్తూ మెల్లగా అంది. "ఎరుకే కొడుకా. వాడకందరికి ఎరుకే. అయినా నీ పెండ్లాన్ని దినాం అడిగేటోల్లం, ఫోన్ చేసిండా, మంచిగున్నడా అని. అడగకపోతే పాపం దానికి నామోషి గాదా?"

నేను తలుపు చాటున, స్తంభం చాటున, దస్తీ చాటున దాక్కున్నన్నాళ్ళూ వీళ్ళంతా నాకోసం ఇక్కడ సౌదీ నడిపించారు. నా భార్య రోజూ దానికి బదులు చెప్పింది.

పెద్దమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచింది. మా ఇంటి వైపు తిరిగి, వాడంతా వినిపించేటట్టు కేకేసింది: "ఏమే, బయటికి రా, మీ ఆయినచ్చిండు సౌదీ నుంచి!"

ఒక్కొక్కరే ఇళ్ళలోంచి బయటికి వచ్చారు. ప్రయాణం ఎట్లయిందని అడిగారు. చిక్కిపోయినవన్నారు. అక్కడి తిండి పడలేదేమో అన్నారు. నా భార్య పిల్లలతో గుమ్మంలో నిలబడి ఉంది. అందరూ నా మొహంలోకే చూస్తూ మాట్లాడారు. ఒక్కరు కూడా నా చేతిలో సంచి వైపు చూడలేదు.